పసుపు చాటున ఎరుపు

“మొగుడు బతికుండంగానే మొగానికి పసుపు వద్దనేకి ఆ డాక్టరమ్మకు నోరెట్ల వచ్చింది?”

“ఆమె చెప్పింది మీ చర్మం గురించి అత్తా. మామ గురించి ఒక్క మాటన్నా అనిందా?”

“అనాల్నా? పసుపు తియ్యమంటే అర్థం అదే గదా. కన్ను నొప్పి అని పోతే మొగం కడుక్కో అంటాది. రేపు మోకాలు నొప్పి అంటే గాజులు తీసెయ్యి అంటాదేమో.”

“సుమ్నే, ఊరికే గలాటా చెయ్యద్దండి. మీకు కన్ను కావాల్నా, పసుపు కావాల్నా?”

“రెండూ కావాల. ఒకటి ఇస్తేనే ఇంకోటి అనేకి ఇదేమన్నా పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే యాపారమా?”

“ఆ డబ్బా ఇట్లియ్యండి.”

“ముట్టు, చూద్దాము.”

ముట్టింది. నేను వదల్లేదు. స్నానాలగది గుమ్మంలో అత్తాకోడళ్లం ఇద్దరం ఒక చిన్న స్టీలు డబ్బాను చెరో వైపు పట్టుకుని లాగాం. నా కుడికంటి మీద ఆసుపత్రివాళ్లు కట్టిన పచ్చగుడ్డ వేలాడుతోంది. ఎడమకంటికి కోడలి ముఖం మసకగా, ముక్కూ నోరూ లేకుండా కనిపిస్తోంది. మూత ఊడింది. పసుపంతా తడినేల మీద పడి నీళ్లలో కలిసి కాలువలోకి పారింది. “దండగ! దండగ!” అని అరిచాను. లత చీపురు తెచ్చి కడిగేసింది.

ఇది ఈ ఏడు ఉగాదికి కాస్త ముందు మాట. ఇప్పుడు వానలు పడుతున్నాయి, కన్ను నిలిచింది. అందుకే కూర్చుని ఇది రాయగలుగుతున్నాను. నేను చదివింది నాలుగో తరగతి, అదీ కన్నడం బడిలో. తెలుగు అక్షరాలు మా అమ్మ ఇంట్లో పలక మీద దిద్దించింది. నా రాత వంకరగా ఉంటే అది కంటి తప్పు కాదు, మొదటి నుంచీ అంతే. ఎర్రబడిన కంటికి ఇంట్లో ఉన్న ఏ సీసానో తీసి చుక్కలు వేసుకునే ఆడవాళ్లు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. వాళ్లకోసం రాస్తున్నాను. నా భయం కాస్త బయటికి పోతుందని కూడా.

మాది బెంగళూరులో కాడుగోడి. రైలు స్టేషనుకు పోయే దారిలో మాకు చిన్న అంగడి ఉంది. మా ఆయన అందులో కూర్చుంటాడు. కొడుకు బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు, తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కుతాడు. కోడలు లత గార్మెంట్స్‌లో సూపర్‌వైజరు. మనవరాలు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఉండేది పగలంతా నేనొక్కదాన్నే.

ముందు ముఖం సంగతి చెప్పాలి, ఎందుకంటే జబ్బు అక్కడే మొదలైందని తర్వాత తెలిసింది. కొన్నేళ్లుగా పొయ్యి ముందు నిలబడితే బుగ్గలు భగ్గుమనేవి. వేడి కాఫీ తాగినా, ఎండలో కూరగాయలకు పోయివచ్చినా ముక్కు మీదా బుగ్గల మీదా మంట పుట్టేది. సన్నని పొక్కులు లేచేవి. ఒంట్లో వేడి అనుకుని మజ్జిగ తాగేదాన్ని. మంట ఎక్కువైన రోజు పసుపు ఇంకొంచెం దట్టంగా పట్టించేదాన్ని. పెళ్లయిన నాటి నుంచి పసుపు లేకుండా నేను గడప దాటలేదు. చూసినవాళ్లు ముఖం కళకళలాడుతోందనేవారు తప్ప కింద ఎర్రగా ఉందని ఎవరూ అనలేదు. నాకే తెలియనిది వాళ్లకెలా తెలుస్తుంది? నేను అద్దం చూసుకునేది బొట్టు పెట్టుకునేటప్పుడు మాత్రమే. అప్పటికి పసుపు పూసుకోవడం అయిపోయి ఉంటుంది.

చలికాలంలో కళ్ల బాధ మొదలైంది. పొద్దున లేస్తే రెప్పలు అతుక్కునేవి. రోజంతా కంట్లో ఇసుక ఉన్నట్టు గరగర. పోపు ఘాటు, రోడ్డు దుమ్ము అనుకున్నాను. నా ఎడమకన్ను చిన్నప్పటి నుంచే మసక. మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. కాబట్టి నా చూపంతా కుడికన్నే. ఆ కుడికన్నే ఎర్రబడింది.

మా ఆయనకు కంటి పొర ఆపరేషన్ అయినప్పుడు రాసిచ్చిన చుక్కల మందు సగం సీసా మిగిలి ఉంది. మిగిలిన మందు పారేసే అలవాటు నాకు లేదు. అలమరలోంచి తీసి వేసుకున్నాను. చెప్పకూడదు గానీ, భలే పనిచేసింది. రెండు పూటలకే ఎరుపు తగ్గింది. డాక్టరు ఫీజు మిగిలిందని సంతోషపడ్డాను. ఎరుపు మళ్లీ వస్తే మళ్లీ వేశాను. మళ్లీ తగ్గింది. అలా ఆ సీసాను కొంగున కట్టుకుని తిరిగాను.

శివరాత్రి వచ్చేసరికి ఆ మందు మాట వినడం మానేసింది. కంట్లో ముల్లు దిగినట్టు నొప్పి. ట్యూబులైటు వేస్తే నీళ్లు కారేవి. కిటికీకి దుప్పటి కట్టుకుని కూర్చున్నాను. లైటు వేయకపోతే కరెంటు మిగులుతుందని లతకు చెప్పాను. ఆమె నమ్మింది, నేను అలాంటి దాన్నే కదా. ఒకరోజు పని నుంచి వచ్చి సాంబారు నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

“అత్తా, ఇందులో రాయి ఉండాది.”

“ఒక రాయేనా?”

“మీరు పప్పులో రాయి వదిలేది నేను ఇన్నేండ్లలో చూడలేదు. ఇట్ల తిరగండి.”

గడ్డం పట్టుకుని ముఖం లైటు వైపు తిప్పింది. నేను అరిచాను. ఆమె కూడా అరిచింది. నా నల్లగుడ్డు అంచున బియ్యం నూకంత తెల్లని చుక్క ఉందట.

మర్నాడు లత సెలవు పెట్టి నన్ను మెట్రోలో పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. నేను కొంగు కప్పుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకూ తడుముకుంటూ నడిచాను. మెట్రో ఎక్కడం అదే మొదటిసారి. అందరూ చెప్పే ఆ కిటికీలూ ఎత్తులూ ఏమీ చూడలేదు.

ఆసుపత్రి హాలు నిండా జనం. సగం మంది కళ్లలో మందు వేయించుకుని తల వెనక్కి వాల్చి కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు, అందరూ వింటున్నారు. పేరు పిలిస్తే చాలు పదిమంది ఉలిక్కిపడతారు. నాకు దొరికిన కుర్చీ అద్దాల గోడకు ఎదురుగా ఉంది. వెలుతురు కొంగులోంచి కూడా పొడుస్తోంది. పక్కనున్న మనిషి నా భుజం తట్టింది.

“అవ్వా, ఈ పక్కకు రా. ఆడ ఎండ పడతాది. నా కుర్చీలో కూర్చో.”

“నీకు వద్దా అమ్మా?”

“నా కండ్లు బాగుండాయి. ఆయప్పకే. వెల్డింగ్ చేస్తాంటే నిప్పురవ్వ పడింది.”

హెబ్బగోడిలో ఒక గదిలో అద్దెకుంటున్నారట, అనంతపురం వైపు మనుషులు. ఆమె భర్త రెండు కళ్లకూ గుడ్డ కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. “ఏమప్పా, నీళ్లు తాగుతావా?” అని ఆమె అడిగితే, “నువ్వు తాగు, పొద్దన్నుంచి తాగలే నువ్వు” అన్నాడు. కళ్లు మూసి ఉన్నవాడికి ఆమె తాగలేదని తెలిసింది. తన తువ్వాలు తడిపి పిండి నా చేతిలో పెట్టి, “మీద అద్దుకో అవ్వా, రుద్దొద్దు” అని చెప్పి, పేరు పిలవగానే భర్తను నడిపించుకుని వెళ్లిపోయింది. తువ్వాలు తిరిగి ఇద్దామని ఆ తర్వాత పోయిన ప్రతిసారీ సంచిలో పెట్టుకున్నాను. ఆమె మళ్లీ కనిపించలేదు.

డాక్టరు కుర్రవాడు. ఒక యంత్రం మీద నా గడ్డం ఆనించి చాలాసేపు చూసి, కన్నడంవాళ్లు అవ్వను పిలిచినట్టు “అజ్జీ, కార్నియా మీద అల్సర్ ఉంది” అన్నాడు.

“అల్సరా? నాకు కడుపులో ఏమీ లేదు సార్. టైముకు తింటాను. కారం కూడా తగ్గించినాను.”

లత నా చెయ్యి గిల్లింది. డాక్టరు నవ్వలేదు. అల్సరంటే పుండు అజ్జీ, కడుపులోనే రావాలని లేదు, కంటికి ముందుండే అద్దంలాంటి పొర మీద కూడా వస్తుంది, మీకు అక్కడ గుంట పడింది అని చెప్పాడు. తర్వాత ఇప్పటిదాకా ఏం మందు వేశారని అడిగాడు. నేను కొంగుముడి మీద చెయ్యి వేసుకున్నాను. లత నా కొంగుముడి విప్పి సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఆయన పేరు చదివి, సీసాను అలాగే చెత్తడబ్బాలో వేశాడు.

“అందులో ఇంకా ఉండాది సార్!”

“ఉంది అజ్జీ. ఇంకొన్నాళ్లు వేసుంటే మీ కన్నే ఉండేది కాదు. ఇది ఎరుపును అణిచేసింది, లోపల పుండును పెంచింది.”

ఎడమకన్ను కూడా పరీక్ష చేశాడు. ఆ కంటితో చూసేది తక్కువేనని తెలిశాక ఆయన గొంతు మారింది. లతను పక్కకు పిలిచి చెప్పాడు గానీ నాకు వినపడింది. పుండు లోతుకు దిగి చిల్లు పడితే చూపు వస్తుందని మాట ఇవ్వలేను, ఆమెకు ఉన్నది ఈ ఒక్క కన్నే అన్నాడు.

నేను ఏడవలేదు. ఏడిస్తే ఉప్పునీళ్లు పుండుకు తగులుతాయేమోనని భయం. పుండును కాస్త గీరి పరీక్షకు పంపారు. నొప్పి తెలియకుండా మందు వేశారు గానీ, ఇనుప ముక్క కంటికి అంత దగ్గరగా రావడం చూస్తూ కదలకుండా ఉండటం నొప్పి కంటే కష్టం. నర్సు ఒకామె నా తల వెనక చెయ్యి పెట్టి, “అంతే అజ్జీ, అంతే” అంటూ నిలబడింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

తర్వాతి వారాలన్నీ చుక్కలే. గంట గంటకూ వేయాలి. ఒక మందుకూ ఇంకో మందుకూ మధ్య కాసేపు ఆగాలి. లత సెలవు పొడిగించుకుంటూ పోయింది. ఫోనులో మేనేజరు అరుపులు నాకూ వినపడేవి. ఒక సాయంత్రం కొడుకు వచ్చాక తలుపు అవతల మొగుడూ పెళ్లాల మాటలు వినిపించాయి.

“మీ అమ్మకు నువ్వు ఒక్కరోజన్నా లీవు పెట్టలేవా?”

“లైను ఆగిపోతాది లతా.”

“నా లైను ఆగిపోలేదా? నాకింద నలభై మిషన్లు ఉండాయి.”

“నువ్వు వేస్తే అమ్మ ఊరుకుంటాది. నేను వేస్తే చెయ్యి వణుకుతాది.”

“నాకు మాత్రం వణకదా?”

ఆ మాట విన్నాక ఆమె చుక్కలు వేసేటప్పుడు వేళ్ల వైపు చూశాను. నిజమే, వణుకుతున్నాయి. రెప్ప పట్టుకునే ముందు చెయ్యిని తన మోకాలికేసి ఒకసారి ఒత్తుకునేది. ఇంత కాలం ఈ పిల్ల ఖర్చు చేస్తుందనీ, నీళ్లు పారబోస్తుందనీ సణిగినదాన్ని నేనే. ఇప్పుడు ఆమె పిలిస్తే చాలు, చంటిపిల్లలా తల వెనక్కి వాల్చేదాన్ని.

పుండు కాస్త తగ్గింది. సంతోషపడేలోగా పక్కన ఇంకోటి లేచింది. డాక్టరు ఈసారి కన్ను వదిలేసి నా రెప్పల అంచులు ఒత్తి చూశాడు. తర్వాత యంత్రం పక్కకు జరిపి, తిన్నగా నా ముఖంలోకి చూశాడు.

“అజ్జీ, ముఖానికి ఏం పూసుకున్నారు?”

“పసుపు.”

“ఒకసారి తుడవచ్చా?”

తడి దూదితో ఒక బుగ్గ తుడిచి లతను రమ్మన్నాడు. లత వంగి చూసి, “అయ్యో అత్తా” అంది. బుగ్గా ముక్కూ కందిపోయి ఉన్నాయట, సన్నని ఎర్రదారాలు అల్లుకుని ఉన్నాయట. ఇది చర్మం జబ్బు, కంటి జబ్బు దీనిలోంచే వస్తోంది, చర్మం డాక్టరును చూడకుండా నేనొక్కడినే దీన్ని ఆపలేను అన్నాడు.

నాకు అనుమానం వచ్చింది. కంటికొచ్చిన మనిషిని చర్మానికి పంపి, అక్కడి నుంచి పంటికి పంపి, ఇలా తిప్పుతారేమో అనుకున్నాను. పోకపోతే ఇక చుక్కలు వేయనని లత బెదిరించింది. పోయాను.

ఆ డాక్టరమ్మ నిదానం మనిషి. దాని పేరు రొజేషియా అంది. నాకు నోరు తిరగక రోజా అని గుర్తుపెట్టుకున్నాను. ఆమె చెప్పినదాంట్లో నాకు అర్థమైనది ఇది. కంటిరెప్ప కూడా చర్మమే. రెప్పల అంచుల్లో సన్నని నూనె రంధ్రాలుంటాయి. ముఖం చర్మంలో ఉన్న మంటే అక్కడికీ పాకుతుంది, రంధ్రాలు పూడిపోతాయి. కన్నీళ్లకు ఆ నూనె అందదు, కన్ను ఎండి, మండి, పైన పుండ్లు పడతాయి. ముఖం చల్లబడితేనే కన్ను చల్లబడుతుంది. మనలాంటి ఛాయవాళ్లలో ఆ ఎరుపు తొందరగా కనిపించదట. నేను దాని మీద రోజూ పసుపు కప్పాను.

“అంటే పసుపు వల్ల వచ్చిందా ఇది?” అని అడిగాను, పోట్లాటకు సిద్ధంగా.

“పసుపు వల్ల రాలేదు అజ్జీ. కానీ రోజూ రుద్దడం ఈ చర్మానికి పడదు. పైగా అది ఉంటే నాకు ఎరుపు తగ్గిందో పెరిగిందో కనిపించదు. ముఖానికి పసుపు వద్దు. సున్నిపిండి వద్దు. వేడి వేడి కాఫీ వద్దు. ఎండలో గొడుగు లేకుండా వద్దు.”

కొన్ని నెలలు వేసుకోవాలని మాత్రలు రాసింది. ఇంటికి రాగానే నేను నేరుగా స్నానాలగదికి పోయి డబ్బా మూత తీశాను. నేను మొదట రాసిన గలాటా అప్పుడు జరిగిందే.

డబ్బా పోతే ఏమి, వంటింట్లో పసుపు లేదా? లత చీపురు కడుగుతుండగా పోపులడబ్బా తెరిచి, చిటికెడు తీసి, అరచేతిలో నీళ్లతో కలిపి పూసేసుకున్నాను. లత వచ్చి చూసింది. తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఆమె అరిచి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చాడు. తిన్నాక మాత్ర ఇవ్వడం నా పని. ఆయనకు బీపీ ఉంది, షుగరు ఉంది. అట్టల మీది ఇంగ్లీషు రాత నేను చదవలేను గానీ రంగునూ ఆకారాన్నీ బట్టి ఇన్నేళ్లుగా నేనే ఇస్తున్నాను. ఒక మాత్ర చిదిపి అరచేతిలో పెట్టాను. ఆయన వేసుకోలేదు.

“ఇది ఏం మాత్ర?”

“బీపీది.”

“షుగర్ది. పొద్దున ఇచ్చినావు గదా ఇది.”

“కాదు, బీపీదే.”

“నాకు పొర తీసినారే, బాగా కనపడతాది. పొద్దున కూడా ఇదే ఇచ్చినావు, నిన్న మధ్యాన్నం కూడా ఇదే, చూడకుండా మింగేసినాను. నిన్న అంగడిలో కండ్లు తిరిగి గోనెసంచి మీద కూర్చుండిపోయినాను. నీకు చెప్తే బేజారు పడతావని చెప్పలేదు.”

ఆయన మాత్రను బల్ల మీద పెట్టి, నా ముఖం వైపు చూశాడు. పసుపు ఇంకా తడి ఆరలేదు.

“లతమ్మ ఏంటికి తలుపేసుకుందో నాకు తెలుసు. చూడవే, నీ పసుపు నిలవాల్నంటే నేను బతకాల. నేను బతకాల్నంటే నువ్వు మాత్ర సరిగ్గా చూసియ్యాల. చూడాల్నంటే కన్నుండాల. నీ కన్ను పోతే నువ్వు నాకు ఏ మాత్ర పెడతావో ఏమో, ఒక పూటకు పసుపూ పోతాది, నేనూ పోతాను. లెక్క వేసుకో. నువ్వు లెక్కల మనిషివి గదా.”

అంత పొడుగు మాట ఆయన నోటి నుంచి రావడం నేను ఎప్పుడూ వినలేదు. సరుకు అడిగినవాళ్లకు ఉందనో లేదనో చెప్పే మనిషి. చెప్పేసి, చేతులు కడుక్కుని, కుర్చీలో కునుకు తీశాడు.

నేను కొళాయి తిప్పి ముఖం కడుక్కున్నాను. రుద్దకుండా, నీళ్లు పోసి పోసి. కుడికంటి మీది గుడ్డ పైకెత్తి, అద్దం బాగా దగ్గరగా పెట్టుకుని చూశాను. అందులో ఉన్నది ఎవరో ఎర్రముక్కు ముసలామె. ఎన్నేళ్లయిందో ఆమెను నేను చూసి. పచ్చదనం లేని ఆ ముఖం చూసి అద్దం బోర్లా పెట్టేశాను. ఆయన వైపు చూశాను. గురకపెడుతున్నాడు. బాగానే ఉన్నాడు.

లత తలుపు తీసుకుని వచ్చింది. నా ముఖం చూసింది. తర్వాత పోపులడబ్బా తెచ్చుకుని నా ముందు పీట వేసుకుని కూర్చుంది.

“కాళ్లు చాపండి అత్తా. కాళ్లకు ఆ డాక్టరమ్మ ఏమీ చెప్పలేదు.”

నా రెండు పాదాలకూ ఆమే పసుపు రాసింది. కొంచెం చాలు, దండగ చెయ్యద్దు అన్నాను. ఇంకొంచెం ఎక్కువే తీసి రాసింది.

ఉగాదికి వీధిలోకి పోవాల్సి వచ్చింది. బొట్టు పెట్టుకున్నాను, పువ్వులు పెట్టుకున్నాను, ముఖానికి మాత్రం ఏమీ లేదు. పక్క సందులో ఉండే జయమ్మ దూరం నుంచే నన్ను చూసి నిలబడిపోయింది. మెల్లగా వచ్చి, చెవి దగ్గర గొంతు తగ్గించి అడిగింది.

“అక్కా, అన్న ఎట్లుండాడు? నాకు ఎవురూ చెప్పనేలేదే?”

“అంగడిలో కూర్చోని ఉండాడు పో. ఒక సబ్బు కొనుక్కో, మాట్లాడిస్తాడు.”

ఆమె నిజంగానే పోయి చూసి వచ్చింది. సబ్బు మాత్రం కొనలేదట.

ఎండలు ముదిరాయి. బెంగళూరులో ఎండలేంటి అని ఎవరైనా అంటే మా రేకుల వంటిల్లు చూపిస్తాను. పొయ్యి ముందు పని లత తీసుకుంది, కోతలూ తరుగులూ నాకు వదిలింది. పప్పులో రాళ్లు మాత్రం ఆయన అంగడిలో కూర్చుని ఏరి పంపేవాడు. పొద్దునా సాయంత్రం గోరువెచ్చని గుడ్డ రెప్పల మీద పెట్టుకుని, అంచులు మెల్లగా తుడవాలి. మాత్ర వేసుకుని వెంటనే పడుకుంటే గుండెల్లో మంట, అది రెండు పూటలు చేసి తెలుసుకున్నాను. అన్నిటికంటే కష్టం చల్లారిన కాఫీ. మీద మీగడ కట్టాక తాగమంటే ఎవరు తాగుతారు? మొదట్లో మానేశాను. తర్వాత అలాగే తాగడం అలవాటైంది. అది కాఫీ అని మాత్రం నేను ఒప్పుకోను.

నొప్పి ఒక రోజులో పోలేదు. మొదట రాత్రిపూట నిద్ర పట్టింది. తర్వాత కిటికీకి కట్టిన దుప్పటి తీసేశాం. ఆ తర్వాత ఒక ఉదయం లేచేసరికి రెప్పలు అతుక్కోకుండా తెరుచుకున్నాయి. అది మామూలుగా అందరికీ జరిగేదే కాబట్టి ఎవరికీ చెప్పలేదు, కాసేపు మంచం మీద కూర్చుని తెరుస్తూ మూస్తూ ఉన్నాను.

నడుమ ఒకసారి కంటి డాక్టరు కొత్త చుక్కలు రాశాడు. లత సీసా మీది పేరు చదివి, మొదట ఆయన పారేసింది ఈ రకం మందే కదా అంది. నేను ఊరుకుంటానా?

“ఆ పొద్దు నా సీసా చెత్తలో వేస్తిరి. ఇప్పుడు అదే మళ్లీ కొనమంటాండారు.”

“అప్పుడు పుండులో క్రిములు ఉన్నాయేమో తెలియకుండా మీరు వేసుకున్నారు. ఇప్పుడు అవి లేవని తేల్చుకుని, తక్కువ మోతాదులో, నేను చూస్తూ వేస్తున్నాను. మీరు మిగిల్చి దాచుకోకుండా లతగారి దగ్గర పెట్టండి.”

ఈ ఒక్క సంగతి అందరికీ చెప్పాలని ఉంది. మందు అదే కావచ్చు. ఎప్పుడు వేయాలో, ఎవరికి వేయాలో సీసాకు తెలియదు. ఎర్రబడిన కన్ను నొప్పి పెడుతుంటే, వెలుతురు చూడలేకపోతుంటే, ఇంట్లో మిగిలిన మందు ఎంత ఖరీదైనదైనా సరే ముట్టుకోకండి. ముఖం మీద మంట ఉంటే అది కూడా కంటి డాక్టరుకు చెప్పండి. అడగకపోయినా చెప్పండి. ముఖం కడుక్కుని పోయి చూపించండి.

తొలివానలు పడ్డాక ఆసుపత్రికి పోయిన రోజు, మెట్రోలో కిటికీ పక్క కూర్చున్నాను. మేడల మీద ఆరేసిన బట్టలు తడుస్తున్నాయి, ఎవరూ తీయడం లేదు. ఆసుపత్రి లోపల నర్సు కన్నడం అక్షరాల బోర్డు ముందు నిలబెట్టి ఎడమకన్ను మూయించింది. పై వరుస చదివాను. కింది వరుస చదివాను. ఇంకా కిందిది చదివాను. అన్నిటికంటే చిన్న వరుస దగ్గర అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. డాక్టరు యంత్రంలో చూసి వెనక్కి వాలాడు.

“పుండు పూర్తిగా ఆరింది అజ్జీ. మచ్చ ఉంటుంది. అదృష్టం, పక్కన ఉంది. చూపుకు అడ్డం రాదు. ఇక కన్ను ఎండకుండా కన్నీళ్ల చుక్కలు మాత్రం వేసుకోండి. చర్మం మాత్రలు డాక్టరమ్మ చెప్పేదాకా ఆపకండి. ఇది మళ్లీ రాగల జబ్బు, ఎరుపు కనిపిస్తే వెంటనే రండి.”

“చిల్లు పడదు గదా సార్?”

“పడదు.”

లత అప్పటిదాకా నిలబడే ఉంది. అక్కడున్న కుర్చీలో కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది. నేనేమో ఏం చెయ్యాలో తోచక ఆమె తల మీద చెయ్యి పెట్టాను. పెళ్లి నాడు అక్షింతలు వేసినప్పుడు తప్ప ఆ తల మీద చెయ్యి వేసినట్టు గుర్తులేదు.

ఇంటికి వచ్చాక ఆమె ఫోను చేసి రేపటి నుంచి పనికి వస్తానని చెప్పింది. సాయంత్రం మళ్లీ ఒక చిన్న గొడవ. పగలు చుక్కలు ఎవరు వేస్తారని.

“మామను వెయ్యమంటాను.”

“ఆయప్ప వేస్తే చెవిలో పడతాది. నేనే వేసుకుంటాను.”

“మీకు రాదు అత్తా. కన్ను మూసేస్తారు.”

“మూసుకోను.”

“మూసుకుంటారు. నాకు తెలీదా?”

మర్నాడు ఉదయం కొడుకు బస్సుకు పోయాడు. కాసేపటికి గార్మెంట్స్ వ్యాను వచ్చి మూలమీద హారను కొట్టింది. లత టిఫిను డబ్బా సంచిలో వేసుకుని, చుక్కల సీసా మంచం పక్కన పెట్టి పరుగెత్తింది. నేను గోడకు ఆనుకుని కూర్చుని, తల వెనక్కి వాల్చి, ఎడమచేత్తో కింది రెప్ప లాగి పట్టుకున్నాను. మొదటి చుక్క బుగ్గ మీద పడింది. రెండోది ముక్కు మీద పడింది. మూడోది కంట్లో పడింది, చల్లగా. ఆయన అంగడికి పోబోతూ గడప దగ్గర ఆగి, “పడిందా?” అని అడిగాడు. పడిందని చెప్పాను.